లాభం పోర్టు

లెక్క ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. లెక్కపెట్టేది ఎవరో ముందు కనుక్కుంటాను. రిటైరయ్యాక వచ్చిన చాదస్తమని మా ఇంట్లో అనుకుంటారు. ఈ అలవాటు అంతకు చాలా ముందు, ఒక చెరకు సీజనులో, ఒక మనిషి ఉద్యోగం ఊడేదాకా వచ్చినప్పుడు పట్టుకుంది. కంప్యూటరు చదువులు చదువుతున్న పిల్లల కోసం దీన్ని రాస్తున్నాను. మీ పుస్తకాల్లో ఇది ఉండదు. ఉన్నా ఏ పేజీ అడుగునో చిన్న అక్షరాల్లో ఉంటుంది, పరీక్షకు రాదని మీరు వదిలేస్తారు.

నేను అనకాపల్లి దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా పనిచేశాను. బడిలో చదివింది ఐటీఐ వరకే. మిగిలిన చదువంతా అనకాపల్లి శాఖా గ్రంథాలయంలో జరిగింది. ఆ మాట నేను కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. వెనక గదిలో, పాత వారపత్రికల కట్టల పక్కన, ఎవరో ప్రొఫెసరు గారి ఇంట్లోవాళ్ళు ఇచ్చేసిన ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని ఉండేవి. అందులో ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్స్ గురించి. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాడిని. కెర్నెల్ అంటే గింజలోని పప్పు అని నిఘంటువు చెప్పింది. యంత్రంలో పప్పు అంటే మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే అసలు ప్రోగ్రాం అని అర్థం కావడానికి నాకు ఒక వేసవి పట్టింది. అప్పటికి నేను కంప్యూటరును ముట్టుకోలేదు. లైబ్రేరియను గారు మాత్రం ఆ పుస్తకం మీద ముద్రలన్నీ నావే కావడం చూసి, గడువు దాటినా అడగడం మానేశారు.

ఆ చదువు చూసే ఫ్యాక్టరీవాళ్ళు కాటా కంప్యూటర్లను నాకు అప్పజెప్పారు. చెరకు పండేది పల్లెల్లో. రైతులందరూ ఫ్యాక్టరీ దాకా రానక్కర్లేకుండా బుచ్చయ్యపేట, దేవరాపల్లి, మాకవరపాలెం వైపు కాటా కేంద్రాలు ఉండేవి. నేలకు సమంగా ఒక పెద్ద ఇనుప ప్లేటు, పక్కన ఒక చిన్న గది. బండి వచ్చి ప్లేటు మీద నిలబడితే గదిలో ఉన్న అంకెల డబ్బా బరువు చూపిస్తుంది. ఆ అంకెలనే ఒక కేబులు ద్వారా కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరు చీటీ కొడుతుంది. అంతే పని.

ఆ కంప్యూటర్లకు తెర లేదు, కీబోర్డు లేదు. చెరకు దుమ్ముకీ చీమలకీ అవి నిలవవని విశాఖపట్నంలోని సప్లయి కంపెనీవాళ్ళు ముందే తీసేశారు. పెట్టె వెనక, చీటీ యంత్రం తీగ కాక, కేబులు తగిలించే రెండు సీరియల్ పోర్టులు మాత్రం ఉండేవి. ఒక దానికి అంకెల డబ్బా కేబులు. రెండోది నాలాంటివాడి కోసం. నేను నా టెర్మినల్, అంటే గాజు తెరా కీబోర్డూ ఉన్న డబ్బా, మోసుకెళ్ళి దానికి తగిలిస్తే, కెర్నెల్ నిద్రలేస్తూ చెప్పే మాటలన్నీ అందులో కనబడాలి. కెర్నెల్ ఇలా మాట్లాడే చోటునే కన్సోల్ అంటారు. అది అక్కడ మాట్లాడడమే కాదు, అవసరమైతే ప్రశ్న వేసి జవాబు కూడా అక్కడి నుంచే తీసుకుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

బుచ్చయ్యపేట కాటా గుమస్తా నా ఈడువాడు. మా ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. ఫ్యాక్టరీకి రాకముందు అనకాపల్లి బెల్లం మార్కెట్టులో తూకాల దగ్గర పనిచేశాడు. ఆదివారం పొద్దున్న చర్చిలో నిలబడి వాక్యం చదివేది అతనే. గొంతు అలాంటిది. అది ముగించుకుని సైకిలెక్కి నేరుగా కాటాకు వచ్చేవాడు. సీజనులో చెరకు ఆదివారమని ఆగదు కదా.

ఈ మనిషికి బెల్లం మార్కెట్టు లెక్క పోలేదు. అక్కడ తూచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా పోతుంది. గింజలు కొలిచేచోట మీ తాతలు కూడా అలాగే అనివుంటారు. కంప్యూటరు వచ్చిన మొదటి ఏడు, పెట్టె వెనక పోర్టుల దగ్గర అంకెలేమీ అచ్చువేసి లేవని, ఇతను సుద్దముక్కతో పై దానికి లాభం అనీ, కింది దానికి రెండు అనీ రాసుకున్నాడు. చూసి నవ్వాను. ఎందుకిలా అని అడిగితే, "ఒకటి అని మొదలెడితే ఒకటితోనే ఆగిపోద్దంటారు బావా. లాభం అన్నామనుకో, ఎనకాల ఇంకా వత్తాయి" అన్నాడు.

పెట్టెలు బిగించే రోజుల్లో సప్లయి కంపెనీ ఇంజనీరు ఒక అమ్మాయి, కొత్తగా చదువు ముగించి చేరింది, ఫోనులో అన్ని కేంద్రాలకూ చెప్పింది, డబ్బా కేబులు పోర్ట్ వన్‌లో పెట్టండి అని. ఆమె కెర్నెల్ లెక్కలో చెప్పింది. కెర్నెల్ సున్నా నుంచి మొదలెడుతుంది. దానికి వన్ అంటే రెండోది. దేవరాపల్లి, మాకవరపాలెం కేంద్రాల్లో నేను పక్కన ఉన్నాను కాబట్టి రెండోదానిలోనే పెట్టించాను. బుచ్చయ్యపేటలో గుమస్తా ఒక్కడే ఉన్నాడు. అతని దగ్గర ఒకటి అనేదే లేదు. ఆమె వన్ అంది, మొదటిది లాభం, అందుకని లాభంలో పెట్టి స్క్రూలు బిగించాడు. ఆ మధ్యాహ్నమే తూనికల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి కేబులుకు సీసం సీలు వేసి వెళ్ళిపోయాడు. ఇక దాన్ని కదిపితే కేసు. నేను మర్నాడు వెళ్ళి, కేబులు ముట్టుకోకుండా, బరువులు చదివే ప్రోగ్రాంలో పోర్టు సంఖ్య మార్చాను, కెర్నెల్ లేస్తూ చదువుకునే బూట్ లైనులో కన్సోల్ రెండో పోర్టు అని రాశాను. అంకెలు చక్కగా వచ్చాయి. ఆ సీజనంతా ఏ గొడవా లేదు. ఆ సంగతి అందరం మరిచిపోయాం.

తర్వాతి ఏడు కంపెనీవాళ్ళు అన్ని కేంద్రాలకూ కొత్త కెర్నెల్ పంపారు. నేనే తిరిగి ఎక్కించి వచ్చాను. గానుగ మొదలైన కొన్నాళ్ళకే బుచ్చయ్యపేట నుంచి కబురు. కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు లేవడం లేదు. అన్నిసార్లూ కాదు. ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి లేవదు. మిగతా కేంద్రాల్లో ఈ బెడద లేదు.

అప్పట్లో పల్లెల్లో కరెంటు ఎలా ఉండేదో మీకు చెప్పినా నమ్మరు. కంప్యూటరు లేవకపోతే చీటీ లేదు. చీటీ లేకపోతే బండి కదలదు. వెనక బండ్లన్నీ రోడ్డు మీద ఎండలో. కోసిన చెరకు ఎండిన కొద్దీ బరువు తగ్గుతుంది, ఆ తగ్గినదంతా రైతు కష్టమే. అలా ఆగిపోయినవాళ్ళలో ఒక ట్రాక్టరు రైతు ఉన్నాడు. గట్టి మనిషి, గట్టి నోరు. అతనే కనిపెట్టాడు, ఎడ్లబండి ఉన్నప్పుడు కంప్యూటరు లేస్తోంది, ట్రాక్టరు ఉన్నప్పుడే చచ్చిపోతోంది అని. గుమస్తా చుట్టాలు చాలామంది ఎడ్లబండ్లవాళ్ళు. ట్రాక్టర్లవాళ్ళందరూ కలిసి ఫ్యాక్టరీకి వెళ్ళి, మా చెరకు ఎండబెట్టడానికి గుమస్తా స్విచ్చి నొక్కేస్తున్నాడని ఫిర్యాదు పెట్టారు.

ఫ్యాక్టరీ తరఫున రైతులతో వ్యవహారం చూసేది కేన్ ఆఫీసరు. ఆయన నన్ను పిలిపించి, మెషీను తప్పా మనిషి తప్పా ఒక్క మాటలో చెప్పమన్నాడు. ఒక్క మాటలో చెప్పలేనన్నాను. మిగతా కేంద్రాల్లో అదే మెషీను, అదే ప్రోగ్రాం కదా అన్నాడు. అవునన్నాను. మరి తేడా మనిషే కదా అన్నాడు. శనివారం తనే బుచ్చయ్యపేట వస్తాననీ, కారణం చూపించకపోతే గుమస్తాను ఆ రోజే ఇంటికి పంపి ఇంకొకణ్ణి కూర్చోబెడతాననీ చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు. రైతులు చెరకును వేరే ఫ్యాక్టరీకి తోలేస్తారని ఆయన భయం.

ఆ వారం నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. పొద్దున్నే టెర్మినల్‌ను గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కడం, చోడవరంలో బస్సు మారడం, సాయంత్రం అలాగే తిరిగి రావడం. కిటికీ పక్క సీటు దొరికినా నిలబడే వెళ్ళిన రోజులున్నాయి. దిగగానే ఇంటికి పోకుండా గ్రంథాలయానికి. అక్కడ పుస్తకం తెరిచి పట్టుకుని బీరువాల మధ్య అటూ ఇటూ నడుస్తుంటే, చెప్పుల చప్పుడుకు పేపరు చదివేవాళ్ళు తల ఎత్తి చూసేవారు. లైబ్రేరియను గారు ఒకసారి నా చేతిలో పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ లాగి, కూర్చుని చదివితే ఎక్కువ ఎక్కుతుందేమో చూడండి అన్నారు.

చదువుకున్నవాడికి వచ్చే తిప్పలే నాకూ వచ్చాయి. నాకు తెలిసిన కారణాలన్నీ ఆ పెట్టెకు అంటగట్టి చూశాను. మొదట ఎర్తింగ్ అన్నాను. ఉప్పూ బొగ్గూ పోసి కొత్త గొయ్యి తీయించాను. లాభం లేదు. తర్వాత వేగం అన్నాను. సీరియల్ తీగకు రెండు వైపులా ఒకే వేగం ఉండాలి. యంత్రంలో పుట్టుకతో ఉండే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, ఫర్మ్‌వేర్ అంటారు, అది ఒక వేగంలోనూ కెర్నెల్ ఇంకో వేగంలోనూ మాట్లాడుతున్నాయేమో అనుకున్నాను. టెర్మినల్ తగిలించి కరెంటు తీసి వేశాను. కెర్నెల్ పెదవి విప్పలేదు. వేగం మార్చాను. ఒక్క అక్షరం రాలేదు. నాకు తెలిసిన వేగాలన్నీ మార్చాను. నిజానికి వేగం తప్పితే పిచ్చి అక్షరాలు వస్తాయి గానీ నిశ్శబ్దం రాదు. ఆ ముక్క నేనే పుస్తకంలో చదివి కింద గీత కూడా గీశాను. అయినా వేగాలు తిప్పుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మాట్లాడడం లేదంటే ఇంకెక్కడో మాట్లాడుతోందని తట్టలేదు.

గుమస్తా ఈ హడావిడంతా కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. అడ్డు వచ్చేవాడు కాదు. ఒకరోజు అతని భార్య ఇద్దరికీ కేరేజీ తెచ్చింది. ఆమె వెళ్ళిపోతూ నాతో, ఈయన పోయిన ఆదివారం వాక్యం చదవలేదన్నయ్యా, వెనక బల్ల మీద కూర్చున్నాడు అని చెప్పింది. అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు. ఆమె గేటు దాటాక అన్నాడు:

"దొంగతూకం గురించి పాస్టరుగారు సెప్పిన రోజున అందరూ నాకేసి సూసేరు బావా. ఆయన నా గురించి సెప్పలేదు. ఆయనకి తెలీదు కూడా. నేనే మరి నిలబడలేకపోయేను."

నేను కేరేజీ గిన్నె పక్కన పెట్టి మళ్ళీ పెట్టె వెనక్కి వెళ్ళాను. చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయాను.

ఆ మధ్యాహ్నమే ఒక ఎడ్లబండి ప్లేటు ఎక్కింది. ప్లేటు కింద గొయ్యి ఉంటుంది, అందుకని గిట్టలు తగిలితే డప్పులా మోగుతుంది. ఎడ్లకు అది నచ్చదు. బండివాడు వాటి మెడ నిమురుతూ నిలబెట్టాడు. ఇంతలో కరెంటు పోయింది. ఎడ్లు ఆగుతాయా? బండివాడు తిట్టుకుంటూ బండిని ముందుకు తోలి చెట్టు నీడన ఆపాడు. కాసేపటికి కరెంటు వచ్చింది. కంప్యూటరు లేచింది. బండి మళ్ళీ ఎక్కింది, చీటీ వచ్చింది, వెళ్ళిపోయింది.

తర్వాత ఫిర్యాదు పెట్టిన ఆ ట్రాక్టరు రైతే వచ్చాడు. ట్రాక్టరూ చెరకు తొట్టీ ప్లేటు మీద పెట్టాడు. కరెంటు పోయింది. అతను ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, టీ బడ్డీకి పోయాడు. ట్రాక్టరుకు గిట్టల చప్పుడు పట్టదు కదా. అది అక్కడే ఉంది. కరెంటు వచ్చింది. అంకెల డబ్బా ఎర్రగా వెలిగి తొట్టి బరువు చూపించింది. కంప్యూటరు లేవలేదు.

రైతు గ్లాసు పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గుమస్తాను చూడలేదు, నాతోనే అన్నాడు. "సూసేవా బావా? ఎడ్లబండోడికి లేత్తాది. నా బండెక్కితే సత్తాది. నీ కంప్యూటరుకి మనుసులు తెలుసేటి?"

గుమస్తా రెండు చేతులూ పైకెత్తి చూపించాడు, నేనేం ముట్టుకోలేదన్నట్టు. దొంగ దొరికినప్పుడు ఎత్తినట్టే ఉంది. ఆ చేతులు చూడలేక నేను అంకెల డబ్బా వైపు తిరిగాను. అంకెలు వెలుగుతున్నాయి. డబ్బా పక్కనున్న చిన్న పచ్చ దీపం టకటకా కొట్టుకుంటోంది. ఆ దీపం డబ్బా కేబులులోకి మాటలు పంపుతున్నప్పుడు కొట్టుకుంటుంది. ప్లేటు ఖాళీగా ఉంటే చెప్పడానికి ఏమీ ఉండదు, దీపం ఊరుకుంటుంది. దానికి మనుషులు తెలియరు. బరువు తెలుసు.

రైతును బతిమాలి ట్రాక్టరు కిందికి దింపించాను. పచ్చ దీపం ఆగింది. మెయిన్ స్విచ్చి తీసి వేశాను. కంప్యూటరు లేచింది. ట్రాక్టరు ఎక్కించమన్నాను, మళ్ళీ తీసి వేశాను. లేవలేదు. ట్రాక్టరు రైతు గ్లాసు కింద పెట్టేశాడు. "ఏటిది?" అన్నాడు. ఏటో నాకూ తెలియదన్నాను. పరిగెత్తుకుంటూ ఎస్టీడీ బూతుకు పోయాను.

ఇంజనీరమ్మాయి దొరికింది. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అంతా విని, ఆగి, "అంకెల డబ్బా ఏ పోర్టులో ఉందండీ మీ దగ్గర?" అంది.

"లాభంలో."

"ఎందులో?"

"లాభంలోనమ్మా. మొదటిది."

"అంటే జీరోలోనా? నేను వన్‌లో పెట్టమన్నాను కదా."

"వన్ అంటే మాకు మొదటిదే. మా గుమస్తాకు మొదటిదంటే లాభం."

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. మీటరు తిరుగుతోంది. ఆ తర్వాత ఆమె నెమ్మదిగా, తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పింది. ఫర్మ్‌వేర్ తన దగ్గర ఒక సెట్టింగు ఉంచుకుంటుంది, కన్సోల్ ఫలానా పోర్టు, ఫలానా వేగం అని. కెర్నెల్ లేచేటప్పుడు చదువుకోవడానికి దాన్ని ఒక చోట వదిలిపెడుతుంది. పాత కెర్నెల్ దాన్ని చూసేది కాదు. కొత్త కెర్నెల్‌లో దాన్ని చదివి అలాగే నడుచుకునే కోడ్ తమ కంపెనీవాళ్ళే పెట్టారు, ప్రతి పెట్టెకూ విడిగా చెప్పనక్కర్లేకుండా పని సులువవుతుందని. ఆ బోర్డుల ఫర్మ్‌వేర్‌లో పుట్టుకతో ఉన్న సెట్టింగు, కన్సోల్ మొదటి పోర్టు అని. మిగతా కేంద్రాల్లో ఆ పోర్టు ఖాళీ, బుచ్చయ్యపేటలో అందులోనే అంకెల డబ్బా.

మిగతాది నేను చెప్పాను. కరెంటు ఉన్నట్టుండి పోతే, లేచేటప్పుడు కెర్నెల్ డిస్కు సరిచూసుకోవాలి. సరిచేయమంటావా అని కన్సోల్‌ను అడుగుతుంది. జవాబు రాకపోతే కాసేపు చూసి తనే సరిచేసుకుని సాగిపోతుంది. ప్లేటు ఖాళీగా ఉంటే జరిగేది అదే. ప్లేటు మీద తొట్టి ఉంటే అంకెల డబ్బా ఆపకుండా బరువు చెబుతూంటుంది. అవును, కాదు అని వినడానికి కూర్చున్నవాడికి టన్నుల లెక్క వినబడుతుంది. అర్థం కాలేదని మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ టన్నులు. ట్రాక్టరు దిగేదాకా ఇద్దరి సంభాషణా అదే. అదృష్టం ఏమిటంటే ఆ డబ్బాకు చెప్పడమే వచ్చు, వినడం రాదు. వినేదే అయితే కెర్నెల్ మాటలకు బరువు మారి ఉండేది. అప్పుడు గుమస్తాను ఎవరూ కాపాడలేకపోయేవారు.

ఎలా సరిచేయాలన్న దగ్గర మాకు పేచీ వచ్చింది. కేబులు మార్చడానికి లేదు, సీలు ఉంది. ఫర్మ్‌వేర్‌లో ఆ సెట్టింగు తీసేస్తే చాలని ఆమె అంది. నాకు మనసొప్పలేదు. ఫర్మ్‌వేర్ చెప్పినది కెర్నెల్ వినడం మంచిదే, కానీ కన్సోల్ ఇదీ అని మనిషి పేరుపెట్టి చెప్పినప్పుడు మనిషి మాటే పైన ఉండాలి కదా అన్నాను. బుచ్చయ్యపేట పెట్టెలో బూట్ లైనులో రెండో పోర్టు అని నేను రాసే ఉంచాను. కొత్త కోడ్ దాన్ని పక్కనపెట్టి ఫర్మ్‌వేర్ మాటకే చివరి మాటగా విలువ ఇస్తోంది. అది మార్చాలి అన్నాను. కెర్నెల్ అన్ని కేంద్రాలకూ ఒక్కటే ఉండాలని తన పైఅధికారి పట్టుదల అనీ, ఒక్క ఊరి కోసం ముట్టుకోనివ్వడనీ ఆమె చెప్పింది. సరే, మీ ఇష్టం, శనివారం రండి అన్నాను. బూతువాడికి డబ్బులిచ్చి బయటికొచ్చాక, చిల్లర తీసుకోలేదని అతను వెనక నుంచి పిలిచాడు.

శనివారం ఆమె మొదటి బస్సుకే వచ్చింది. ఒక చిన్న తెర, కీబోర్డు, లాప్‌టాపు తెచ్చింది. ట్రాక్టరు రైతును ముందురోజే వెళ్ళి అడిగాను, నీ తొట్టి ప్లేటు మీద పెట్టి చూపించాలి, కొంత ఆలస్యమవుతుంది అని. నన్ను కాటా దగ్గర ఎండబెట్టింది చాలక ఇంకా ఎండబెడతావా అన్నాడు గానీ, పొద్దున్నే తోలుకొచ్చి ప్లేటు పక్కన ఆపాడు. గుమస్తా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆదివారం చొక్కా అది. పోతే ఈ చొక్కాలోనే పోదామనుకున్నాడో ఏమో, నేను అడగలేదు.

ఆమె పెట్టె మూత తీసి లోపల తెర తగిలించి ఫర్మ్‌వేర్‌లోకి వెళ్ళి ఆ సెట్టింగు ఆపేసింది. తొట్టిని ప్లేటు ఎక్కించి స్విచ్చి తీసి వేశాం. లేచింది. మళ్ళీ చేశాం. లేచింది. ఆమె నన్ను చూసి నవ్వింది. నేను కూడా నవ్వాను, కానీ కూర్చోలేకపోయాను.

కేన్ ఆఫీసరు జీపు దిగి, జరిగింది విని, ఏదీ చూపించండి అన్నాడు. నేను స్విచ్చి తీసి వెంటనే వేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "కరెంటు ఇలా పోయి అలా వస్తోందా మీ ఊళ్ళో? నిజంగా పోయినట్టు పోనివ్వండి" అన్నాడు. టీ తెప్పించాడు. అందరం చెట్టు కింద తాగాం. రైతులు పోగయ్యారు. గుమస్తా టీ పుచ్చుకుని తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు గ్లాసు పెట్టేసి ఇప్పుడు వేయండి అన్నాడు.

కంప్యూటరు లేవలేదు.

అంకెల డబ్బా వెలుగుతోంది. పచ్చ దీపం కొట్టుకుంటోంది. జనంలో ఎవరో నవ్వారు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. గుమస్తా గ్లాసు కిటికీ మీద పెట్టి, గోడకు తగిలించిన తన సంచీ తీసి భుజాన వేసుకున్నాడు. ఎవరూ పొమ్మనకముందే.

ఇంజనీరమ్మాయి మళ్ళీ మూత తీసి తెర తగిలించి చూసి, లోపలున్న గుండ్రటి బ్యాటరీని వేలితో తాకింది. "చచ్చిపోయిందండీ ఇది" అంది నాతో. ఫర్మ్‌వేర్ తన సెట్టింగులు గుర్తుంచుకునేది ఆ బ్యాటరీ పుణ్యమే. ఊరికే ఇలా తీసి అలా వేసినప్పుడు మరిచిపోలేదు. కరెంటు కాసేపు లేకపోయేసరికి చెప్పినదంతా మరిచిపోయి పుట్టుకతో వచ్చిన మాటకు వెళ్ళిపోయింది, కన్సోల్ మొదటి పోర్టు అని. ఆఫీసరు ఆపకపోయి ఉంటే ఇది ఆ రోజు బయటపడేది కాదు. తర్వాత ఎప్పుడో పడేది, అప్పుడు నేను పక్కన ఉండేవాణ్ణి కాను.

నేను అడగకముందే ఆమె లాప్‌టాపు తెరిచింది. "మీరు చెప్పినట్టు కోడ్ మార్చి నిన్ననే తయారుచేసి పెట్టుకున్నానండీ. బూట్ లైనులో మనిషి కన్సోల్ పేరు చెబితే ఫర్మ్‌వేర్‌ది పట్టించుకోదు. చెప్పకపోతేనే దాని మాట వింటుంది" అంది. మరి మీ సార్ అన్నాను. "మా సార్‌కి నేను చెప్పుకుంటాను" అంది, కీబోర్డు మీద నుంచి తల ఎత్తకుండానే.

గుమస్తా సంచీ భుజాన ఉంచుకునే ఉన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ట్రాక్టరు రైతు తొట్టి మీదికెక్కి పై చెరకు మీద గోనెలు తడిపి కప్పుతున్నాడు. వెళ్ళిపోతానంటాడని చూశాను. అనలేదు.

కెర్నెల్ ఎక్కింది. స్విచ్చి తీశాం. ఈసారి ఆఫీసరు చెప్పకుండానే అందరం ఆగాం. నేను ప్లేటు చుట్టూ తిరుగుతూ ఉన్నాను. కూర్చోవయ్యా, కళ్ళు తిరుగుతున్నాయి అని ఒక ముసలి రైతు అన్నాడు. చివరికి ఆఫీసరే స్విచ్చి వేశాడు.

నా టెర్మినల్ రెండో పోర్టుకు తగిలించి ఉంది. వారం రోజులుగా ఒక్క అక్షరం చూపించని ఆ గాజు మీద కెర్నెల్ మాటలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. డిస్కు గురించి అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. కాసేపు చూసి తనే సాగిపోయింది. చీటీ యంత్రం ఒకసారి గురగురమని ఆగింది. తొట్టి ప్లేటు మీదే ఉంది.

ఆఫీసరు సరే అన్నాడు. గుమస్తా భుజం మీద చెయ్యి వేస్తాడేమోనని చూశాను, వేయలేదు. జీపెక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, అంత సేపు ఆ ఎండలో ఆగి, నిజమైన కరెంటు కోత పెట్టించి చూసినవాడు ఆయనే.

ఇంజనీరమ్మాయి పెట్టె వెనక్కి వెళ్ళి గుమస్తా రాతను మొదటిసారి చూసింది. లాభం, రెండు. వాటి పక్కన తన పెన్నుతో కెర్నెల్ లెక్క, జీరో, వన్ అని రాసింది. నేను సుద్దముక్క తీసుకుని వాటి కింద మామూలు లెక్క, ఒకటి, రెండు అని రాశాను. ఒకే పోర్టుకు మూడు పేర్లు. మీరు ఏ యంత్రం దగ్గర పనిచేసినా ముందు ఈ పని చేయండి. ఒకటి అన్నవాణ్ణి ఏ ఒకటి అని అడగండి. సిగ్గుపడకండి.

గుమస్తా సంచీ తీసి మేకుకు తగిలించాడు. కిటికీ దగ్గర తన చోటుకు వచ్చి నిలబడ్డాడు. బయట ట్రాక్టరు రైతు స్టీరింగు మీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. కంప్యూటరు వచ్చాక గుమస్తా బండ్లను పైకి లెక్కపెట్టడం మానేశాడు, చీటీ మీద అంకె పడుతుంది కదా, అదీ ఒకటి నుంచి. ఆ రోజు చీటీ చింపి చేత్తో పట్టుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, చర్చిలో వాక్యం చదివే గొంతుతో, రోడ్డు మీద చివరి బండిదాకా వినబడేలా అన్నాడు.

"లాభం."

ట్రాక్టరు రైతు చెయ్యి చాచి చీటీ అందుకున్నాడు. చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంజను స్టార్టు చేసి, ఆ చప్పుడులోనే గుమస్తా వైపు తిరిగి అన్నాడు.

"రెండోది కాలవ గట్టు మీదుంది మావా. తోలుకొత్తన్నాను, ఉండు."